వారమ్ పెర్సీ విచారణ దేవాలయము : కట్టడము, త్రవ్వకములు, గ్రామచరిత్ర

తాళపత్ర ప్రతులను పరిష్కరించు పండితులకు ఒక నియమము సుపరిచితము. పంక్తుల నడుమను, ఆకుల అంచులను వేఱొక చేతివ్రాతతో చేర్చిన అక్షరములు కానవచ్చినచో, అవి మూలలేఖకుని వ్రాతకు తరువాతివే కాని ముందటివి కాజాలవు. ఆ చేర్పు ఎప్పటిదో నిర్ణయింపగలిగినచో, మూలము అంతకంటె ప్రాచీనమని వేఱు సాక్ష్యముతో పనిలేకయే చెప్పవచ్చును. ఈ నియమమునే కట్టడములకు అన్వయించి, ఆంగ్లదేశపు దేవాలయ వాస్తు చరిత్రకు దారి చూపినవాడు థామస్ రిక్‌మన్ అను వాస్తుశిల్పి. 1817లో వెలువడిన తన గ్రంథమున ఆతడు ఆంగ్లదేశపు మధ్యయుగ కట్టడములను శైలీభేదమును బట్టి వరుసక్రమమున విభజించి, ఒక్కొక్క శైలికి పేరిడెను. నార్మన్, ఎర్లీ ఇంగ్లిష్, డెకరేటెడ్, పర్పెండిక్యులర్ అని నేటికిని వ్యవహారమున నున్న పేర్లు ఆతడు స్థిరపఱచినవే.

1819 నాటికి రిక్‌మన్ మరియొక మెట్టు ఎక్కెను. హంబర్ నదీముఖమునకు దక్షిణపు గట్టుననున్న బార్టన్ పట్టణములో పునీత పేతురు దేవాలయ గోపురము కలదు. దాని క్రింది అంతస్తుల గోడలపై సన్నని రాతిపట్టీలు నిలువుగాను, కమానులుగాను, త్రికోణములుగాను తీర్చబడియున్నవి. పై అంతస్తు మాత్రము ఆ పట్టీలు లేని తొలి నార్మన్ పనితనము. నార్మనులు ఆంగ్లదేశమును జయించినది 1066లో. నార్మన్ అంతస్తు పైనున్నదన్నచో, క్రిందనున్నది ఆ విజయమునకు పూర్వపు ఆంగ్లో-సాక్సను పని కావలెను గదా! ఒక్క గోపురమును క్రిందినుండి పైకి చదివి ఆతడు ఒక యుగపు వాస్తువునే గుర్తించెను.

గోడలను చదువుట ఇట్లు ప్రారంభమైనది. అయితే రిక్‌మన్ చదివినది నేలపైనున్న గోడలను మాత్రమే. ఆ గోడలకు క్రింద నున్నదేమి, ఆ గోడల మధ్య ప్రార్థించినవారెవరు, వారు ఏమైరి అను ప్రశ్నలకు కంటికి కనబడు రాయి సమాధానము చెప్పజాలదు. వానికి సమాధానము వెదకిన త్రవ్వకములలో మిక్కిలి ప్రసిద్ధమైనది యార్క్‌షైర్ ప్రాంతములోని వారమ్ పెర్సీ గ్రామమున జరిగినది. అచ్చటి పునీత మార్టిన్ దేవాలయము పెరిగినది, తరిగినది, తుదకు పాడుపడినది. ఆ పెరుగుదలనుండియు తరుగుదలనుండియు గ్రామచరిత్రను ఎంతవఱకు తెలిసికొనవచ్చునో, ఎక్కడ ఆగవలెనో పరిశీలించుట ఈ వ్యాసమున మా యుద్దేశము.

ముందుగా ఒక పారిభాషిక పదమును గూర్చి కొంత చెప్పవలసియున్నది. ఆంగ్లమున 'పారిష్' అనబడు దానిని తెలుగు కతోలికులు 'విచారణ' అని వ్యవహరింతురు. ఒక గురువు ఆధ్యాత్మిక పాలనలోనుండు ప్రదేశమే విచారణ. అది ఒక్క గ్రామము కావచ్చును, కొన్ని గ్రామముల సముదాయమును కావచ్చును. మధ్యయుగమున ఆ యెల్లలలో నివసించు ప్రతి కుటుంబమును తన పంటలో దశమభాగమును ఆ దేవాలయమునకే చెల్లింపవలెను. జ్ఞానస్నానమును, వివాహమును, భూస్థాపనమును అచ్చటనే జరుగవలెను. కావున విచారణ దేవాలయము ప్రార్థనా మందిరము మాత్రమే కాదు. ఒక జనసముదాయమునకు పుట్టుక మొదలు చావు వఱకు గల సంబంధములన్నియు ముడిపడిన స్థానము.

ఆ కట్టడము సామాన్యముగా తూర్పుపడమరలుగా నుండును. తూర్పు కొసన బలిపీఠముండు భాగమునకు ఛాన్సెల్ అని పేరు. దానికి పడమట ప్రజలు నిలుచు మధ్యశాల యుండును. జనము పెరిగినప్పుడో, ధనము చేకూరినప్పుడో మధ్యశాలకు ఉత్తర దక్షిణములందు పార్శ్వశాలలను చేర్చెడివారు. అట్లు చేర్చునపుడు మధ్యశాల ప్రక్కగోడను పూర్తిగా తీసివేయక, దానిని ఛేదించి స్తంభములపై కమానుల వరుసను నిలిపెడివారు. ఇందు మఱచిపోరాని అంశమొకటి కలదు. ఆంగ్లదేశపు ఆచారము ననుసరించి ఛాన్సెల్ మరమ్మతు భారము దశమభాగములను పొందు రెక్టరుది. మధ్యశాల మరమ్మతు భారము విచారణలోని ప్రజలది. అనగా ఒకే కప్పు క్రిందనున్న రెండు భాగములకు ఇద్దరు వేర్వేరు బాధ్యులు. దేవాలయము కుదించుకొనిపోయిన తీరును పరిశీలించునపుడు ఈ భేదము మనకు ఉపకరింపగలదు.

వారమ్ పెర్సీ యార్క్‌షైర్ తూర్పు భాగమున, వోల్డ్స్ అను సుద్దరాతి గుట్టల నడుమ ఒక లోయలో నున్నది. పెర్సీ యనునది ఒకప్పుడచ్చట భూస్వాములైన వంశము పేరు. దేవాలయము లోయ అడుగున, నీటి ప్రక్కన నిలిచియున్నది. గ్రామము దానికి పడమటనున్న గట్టుపై నుండెడిది. నేడచ్చట గ్రామము లేదు. గడ్డి క్రింద ఇండ్ల పునాదులును, దొడ్ల హద్దులును, బాటలును ఎత్తుపల్లములుగా మాత్రము కానవచ్చును. సాయంకాలపు ఏటవాలు ఎండలో ఆ గట్లు నీడలు పరచినపుడు గ్రామపటము నేలపై గీసినట్లు గోచరించును.

ఇట్టి నిర్జనగ్రామములు ఆంగ్లదేశమున మిక్కిలి అరుదని 20వ శతాబ్దపు పూర్వార్ధమున ప్రసిద్ధులైన ఆర్థిక చరిత్రకారులు సైతము తలచియుండిరి. ఆ యభిప్రాయమును త్రోసివేసినవారిలో ముఖ్యుడు లీడ్స్ విశ్వవిద్యాలయమున ఆర్థిక చరిత్రను బోధించిన మారిస్ బెరెస్‌ఫర్డ్. పన్నుల పట్టికలను, పాత పటములను, ఆకాశమునుండి తీసిన ఛాయాచిత్రములను జతపఱచి, పాడుపడిన గ్రామములను ఒక్కొక్కదానిని గుర్తించి, 1954లో వానిని గూర్చి ఒక గ్రంథమును ప్రకటించెను. తరువాతి పరిశోధకుల లెక్కలో అట్టి గ్రామములు 2,000కు పైగా తేలినవి. పత్రములు చెప్పు కాలముననే ఇండ్లు పాడుపడినవా యను సంశయమును తీర్చుకొనుటకు బెరెస్‌ఫర్డ్ 1950లో వారమ్ పెర్సీయందు త్రవ్వకమును ఆరంభించెను. ఆతడు పురావస్తు శాస్త్రజ్ఞుడు కాడు. పత్రములను చదువుట యెఱిగినవాడు. 1952 మొదలు పురావస్తు శాస్త్రజ్ఞుడైన జాన్ హర్స్ట్ ఆతనితో చేరెను. గోడ వెంట గోడను వెదకుచు కందకములు త్రవ్వు పద్ధతిని వదలి, డెన్మార్కు దేశమున స్టీన్స్‌బెర్గ్ అనుసరించిన విధమున విశాలమైన స్థలమును ఒక్కమారుగా తెరచి పొర వెంట పొరగా పరిశీలించు పద్ధతిని హర్స్ట్ ప్రవేశపెట్టెను. ప్రతి వేసవియందును సాగిన ఆ పని 1990 వఱకు నడచెను. చరిత్రకారుడును పురావస్తువేత్తయు ఒకే ప్రశ్నను నలుబది సంవత్సరములు కలిసి మోయుట విద్యాలోకమున తఱచుగా జరుగునది కాదు.

దేవాలయమును త్రవ్వుటకు అవకాశము ఒక దురదృష్టమువలన కలిగెను. పునీత మార్టిన్ దేవాలయమున క్రమబద్ధమైన ప్రార్థనలు 1949లో ముగిసెను. ఆదరణ లేని కట్టడము త్వరలోనే శిథిలమై, 1959లో గోపురపు పశ్చిమార్ధము కూలిపోయెను. ప్రజలు నిత్యము వచ్చి ప్రార్థించు దేవాలయముయొక్క నేలను సమగ్రముగా త్రవ్వుటకు ఎవరును అంగీకరింపరు. పూడ్చిన పెద్దలపైనను పరచిన రాళ్లపైనను వారికి గల మమకారము అట్టిది. పాడుపడిన యీ దేవాలయమున ఆ యభ్యంతరము లేదు. 1962 మొదలు 1974 వఱకు దేవాలయపు లోపలి భాగమును, చుట్టునున్న శ్మశానవాటికలో కొంతభాగమును త్రవ్విరి. నేలమీది గోడలను రాయి వెంట రాయిగా చిత్రించుటయు, నేలక్రింది పొరలను తెరచుటయు ఏకకాలమున జరిగిన తొలి విచారణ దేవాలయములలో ఇది యొకటి.

త్రవ్వకములవలన తేలిన క్రమమును సంగ్రహముగా చెప్పెదము. రాతికట్టడమునకు అడుగున కొయ్యస్తంభములు నాటిన గుంటలు బయల్పడినవి. 10వ శతాబ్దమున అచ్చట ఒక చిన్న కొయ్యదేవాలయము ఉండెనని వానినిబట్టి నిర్ణయించిరి. అంతకుముందు ఆ కొయ్యదేవాలయమును గూర్చి ఏ పత్రమును చెప్పలేదు, నేలమీద నున్న ఏ గోడయు సూచింపలేదు. పిదప 11వ శతాబ్దమున మధ్యశాలయు ఛాన్సెలును మాత్రము గల చిన్న రాతిదేవాలయము దాని స్థానమున నిలిచెను. ఆ కాలమున భూస్వాములు తమ భూములలో తామే దేవాలయములను కట్టించుట సర్వసాధారణము. అది యింటివారికిని, సేవకులకును, చుట్టునున్న కొలదిమంది రైతులకును చాలునంతటిది. నార్మనుల కాలమున దానిని ఇంకను పెద్దదిగా పునర్నిర్మించిరి. పడమట గోపురము లేచినది; ఛాన్సెల్ తూర్పు కొస అర్ధవృత్తాకారముగా మలచబడినది.

ఆపైని వృద్ధి పార్శ్వశాలలలో కనబడును. 12వ శతాబ్దాంతమున దక్షిణపు పార్శ్వశాలయు, 13వ శతాబ్దమున ఉత్తరపు పార్శ్వశాలయు చేర్చబడినవి. 14వ శతాబ్దమున ఈశాన్యదిశను ఒక ఉపమందిరము వెలసెను. ఒక దశలో ఛాన్సెల్ అర్ధవృత్తపు కొసను తొలగించి, చతురస్రముగా పొడిగించిరి. ఇట్లు మూడు నాలుగు శతాబ్దములలో ఒక చిన్న కొయ్యగుడి, గోపురముతోను రెండు పార్శ్వశాలలతోను ఉపమందిరముతోను కూడిన నిండు దేవాలయమైనది.

12, 13 శతాబ్దములలో ఐరోపాయందంతటను జనసంఖ్య పెరుగుచుండెను. బీడుభూములు సాగులోనికి వచ్చుచుండెను. వారమ్ పెర్సీయందును గ్రామము విస్తరించుచుండిన కాలమదియే. కావున పార్శ్వశాలల చేర్పునకును జనాభివృద్ధికిని సంబంధము కలదనుట యుక్తము. అయినను ఇచ్చట మనము తొందరపడరాదు. అర్ధవృత్తపు కొసను తీసి ఛాన్సెలును పొడిగించుట జనము పెరుగుటవలన జరిగినది కాదు. ఛాన్సెలులో ప్రజలు నిలువరు. ఆ మార్పు పూజావిధానము విస్తరించుటవలనను, ఆ కాలపు అభిరుచివలనను ఆంగ్లదేశమున పలుచోట్ల జరిగినదే. 14వ శతాబ్దపు ఉపమందిరమును సయితము అట్లే తలపవలెను. ఆ శతాబ్దము గ్రామమునకు సుఖకరమైనది కాదు. స్కాట్లండువారి దండయాత్రల వెనువెంట, 1323లో జరిగిన దర్యాప్తున గ్రామభూములలో పెక్కుభాగము బీడుపడియుండెననియు, మరలు పాడుపడియుండెననియు తెలియవచ్చుచున్నది. అటుపిమ్మట 1349లో 'నల్లమృత్యువు' అని పేరుగాంచిన మహామారి వచ్చినది. అట్టి శతాబ్దమున లేచిన మందిరము జనబలమునకు కాక, ఏ యొకరి సంపదకో భక్తికో గుఱుతు. దేవాలయమునకు చేరిన ప్రతి గోడయు ఒక క్రొత్త జనసమూహమునకు సాక్ష్యము కాదని దీనివలన గ్రహింపవలెను.

తరుగుదల కథ ఇంతకంటె విశదముగా గోడలయందే వ్రాయబడియున్నది. 15వ శతాబ్దాంతము మొదలుకొని 16వ శతాబ్దమున రెండు పార్శ్వశాలలును పడగొట్టబడినవి. స్తంభముల నడుమనున్న కమానులను రాళ్లతో మూసివేసిరి. పడగొట్టిన పార్శ్వశాలల కిటికీలను వృథాపోనీక, ఆ మూసిన గోడలలోనే తిరిగి నిలిపిరి. నేడు దేవాలయమును వెలుపలనుండి చూచువారికి గోడలో చిక్కుకొనియున్న స్తంభములును, వానిపై కమానుల వంపులును, వానిమధ్య వేఱొకచోటినుండి తెచ్చి అమర్చిన కిటికీలును కండ్లయెదుట కానవచ్చును. ఆ పిదప కొంతకాలమునకు ఛాన్సెల్ సయితము కుదింపబడి, పాత రాళ్లతోనే చిన్నదిగా కట్టబడెను. బార్టన్ గోపురమునందు పైనున్నది తరువాతిదని రిక్‌మన్ గ్రహించినట్లే, ఇచ్చట కమాను లోపలనున్నది కమానునకు తరువాతిదని ఎవరైనను గ్రహింపగలరు.

మధ్యశాల పోషణ ప్రజలదనియు, ఛాన్సెల్ పోషణ రెక్టరుదనియు పైన చెప్పియుంటిమి. ఆ దృష్టితో చూచినచో పార్శ్వశాలలను పడగొట్టిన నిర్ణయము ప్రజల పక్షమునుండి వచ్చినదని తోచును. కప్పునకు సీసపు రేకులును, దూలములును, సున్నమును సమకూర్చుకొను భారము తలకు మించినపుడు, ఉన్నంత కప్పును తమకు చాలినంతకు తగ్గించుకొనిరి. దీనిని వారి భక్తి సన్నగిల్లుట యని చెప్పుట అన్యాయము. దేవాలయమును వదలివేయక నిలుపుకొనుటకే వారు దానిని కుదించిరి. కిటికీలను జాగ్రత్తగా తీసి తిరిగి అమర్చిన చేతులు ఆ కట్టడమును ప్రేమించినవారి చేతులే. ఛాన్సెలును కుదించుట మాత్రము వేఱొక లెక్క. అది దశమభాగములను అనుభవించువారి పొదుపు. అందుచేతనే ఈ రెండు తగ్గింపులును ఒకేమారు జరుగకపోవుటలో మాకు వింత తోచదు.

ఇక గ్రామము ఏల పాడుపడినది? ఆంగ్లదేశపు నిర్జనగ్రామములను గూర్చి చెప్పునపుడు సామాన్యులు వెంటనే మహామారిని తలతురు. ఒక్క వేసవిలో ఊరంతయు చచ్చి, ఇండ్లు శూన్యమైనవను కథ మనస్సునకు సులభముగా పట్టును. కాని వారమ్ పెర్సీ విషయమున పత్రములు దీనిని సమర్థింపవు. మహామారి వచ్చిన పందొమ్మిది సంవత్సరములకు, అనగా 1368లో, అచ్చట 30 ఇండ్లు నివాసయోగ్యములై యుండెను. గ్రామము దెబ్బతినియు నిలిచినది. 1458 నాటికి ఆ సంఖ్య 16కు తగ్గెను. 1517లో రాజాజ్ఞచే గ్రామముల వినాశమును గూర్చి జరిగిన దర్యాప్తులో, హిల్టన్ ప్రభువు ఇచ్చట నాలుగు నాగళ్లను నిలిపివేసి నాలుగిండ్లను పాడుపెట్టెనని నమోదైనది. ఇట్లు 1500 ప్రాంతమున తుది కుటుంబములు వెడలిపోయి, దున్నిన పొలములు గొఱ్ఱెల బీళ్లయినవి.

మహామారికిని దీనికిని సంబంధమే లేదనుట కాదు. దేశమందంతటను జనము తగ్గుటచే ధాన్యము ధర పడిపోయెను, కూలి పెరిగెను. ధాన్యమునకు పెక్కు చేతులు కావలెను. గొఱ్ఱెలకు ఒక కాపరి చాలును. ఉన్నికి మంచి ధర పలుకుచుండెను. కావున దున్నుటకంటె మేపుటయే భూస్వామికి లాభకరమైనది. మహామారి ఊరిని చంపలేదు. ఊరు అక్కఱలేని ఆర్థికస్థితిని కల్పించినది. అటుపై నూటయేబది సంవత్సరముల పాటు కొందఱు మంచి భూములు దొరకిన చోటికి తామై వెడలిరి. మిగిలినవారిని తుదకు వెడలించిరి. 1517 నాటి పత్రము ఆ దీర్ఘనాటకపు చివరి అంకమును మాత్రమే చూపుచున్నది. నాలుగిండ్లను పాడుపెట్టిన దోషము ప్రభువుపై మోపబడినది. అంతకుముందే 30 నుండి 16కును, 16 నుండి నాలుగింటికిని తగ్గిన వృత్తాంతమునకు ఆ పత్రములో స్థానము లేదు. దర్యాప్తు జరిపినవారు 1488కి తరువాత జరిగినదానినే అడిగిరి; అడిగినదానికే జవాబు వచ్చినది. పత్రములపై ఆధారపడు పరిశోధకులు ఏ ప్రశ్నకు జవాబుగా ఆ పత్రము పుట్టినదో ముందుగా విచారింపవలెనని మేము భావించుట ఇందువలననే.

ఇచ్చట ఒక చిక్కు కలదు. గ్రామము 1500 ప్రాంతముననే నిర్జనమైనచో, దేవాలయము 1949 వఱకు ఎట్లు నిలిచినది? విచారణ యనునది ఒక్క గ్రామము కానక్కఱలేదని మొదటనే చెప్పితిమి. వారమ్ పెర్సీతోపాటు తిక్సెన్‌డేల్, రైస్‌థోర్ప్, బర్డేల్, టౌథోర్ప్ అను పల్లెలు ఈ విచారణకు చెందినవి. వానిలోను కొన్ని పాడుపడినవి. తిక్సెన్‌డేల్ మాత్రము నిలిచినది. గుడి ప్రక్క ఊరు పోయినను, దూరపు పల్లెలవారు గుట్టల బాటలలో నడచివచ్చి పిల్లలకు జ్ఞానస్నానము చేయించిరి. చనిపోయినవారిని మోసికొనివచ్చి పూడ్చిరి. 1870లో తిక్సెన్‌డేల్‌నందు జార్జ్ ఎడ్మండ్ స్ట్రీట్ అను ప్రసిద్ధ వాస్తుశిల్పి నిర్మించిన క్రొత్త దేవాలయము వెలసెను. ఊరి నడుమ గుడి వచ్చిన పిమ్మట, లోయలోని పాతగుడికి నడచివచ్చువారు కొఱవడిరి. వారమ్ పెర్సీ దేవాలయమునకు తుదిదెబ్బ మహామారియు కాదు, గొఱ్ఱెలును కావు. దానికి మూడుమైళ్ల దూరములో లేచిన మరియొక దేవాలయము. గ్రామమరణమును దేవాలయమరణమును ఒక్కటిగా భావించినచో మనము నాలుగు శతాబ్దముల పొరపాటు చేయుదుము.

గోడలకును పత్రములకును తోడు మూడవ సాక్ష్యము అస్థులు. దేవాలయమునందును శ్మశానవాటికయందును జరిపిన త్రవ్వకములలో 687 అస్థిపంజరములు లభించెను. సైమన్ మేస్ మొదలగు శాస్త్రజ్ఞులు వానిని దశాబ్దములపాటు పరీక్షించిరి. భూస్వాముల పేర్లు పత్రములలో నున్నవి. ఈ రైతుల పేర్లు దాదాపుగా ఎచ్చటను లేవు. వారి దేహములే వారి చరిత్ర. అచ్చటి పిల్లల ఎదుగుదల మిక్కిలి మందగించియుండెను. పదునాలుగేండ్ల బాలుని పొడవు నేటి పదేండ్ల బాలుని పొడవునకు మించలేదు. అయినను శిశువులకు సుమారు ఒకటిన్నర సంవత్సరముల వఱకు తల్లిపాలు ఇచ్చెడివారని ఎముకలలోని నైట్రోజన్ పరీక్షలవలన తేలినది. వృద్ధస్త్రీల ఎముకలు నేటి స్త్రీల ఎముకలవలెనే బోలుపడియుండెను. ఒక పురుషుని తలపై బలమైన దెబ్బ తగిలి ఎముక లోనికి నొక్కుకొనగా, ఎవరో చర్మమును తెరచి, ఎముకను పైకెత్తి చికిత్స చేసిరి. గాయము మాని ఆతడు బ్రదికెను. ఇట్టి శస్త్రవిద్య మారుమూల పల్లెలో ఒక సామాన్యునకు లభించినదని ఏ గ్రంథమును చదివి ఊహింపగలము?

దేవాలయము వృద్ధి నొందుచుండిన శతాబ్దములకు చెందినవారు ఈ అస్థిపంజరములలో పెక్కుమంది. పార్శ్వశాలలు లేచుచుండగా పిల్లలు ఆకలితోను రోగములతోను కృశించుచుండిరి. గోడలను మాత్రమే చదివినవాడు దానిని సమృద్ధికాలమని వ్రాయును. ఎముకలను మాత్రమే చదివినవాడు దారిద్ర్యకాలమని వ్రాయును. రెండును సత్యములే. జనము పెరిగెను, గుడి పెరిగెను, ఒక్కొక్కనికి దక్కిన అన్నము పెరుగలేదు.

గోడలను చదువుటలో గల ప్రమాదమునకు ఈ త్రవ్వకముల చరిత్రయందే మరియొక నిదర్శనము కలదు. గ్రామములోని రైతుల ఇండ్లను త్రవ్వినపుడు ఒకదానిపై నొకటిగా, కొంచెము కొంచెము జరిగిన గోడల అడుగులు కనబడినవి. వానినిబట్టి ఆ యిండ్లు నాసిరకపువనియు, తరమునకొకమారు కూలి తిరిగి కట్టబడుచుండెననియు తొలుత నిర్ణయించిరి. మధ్యయుగపు రైతు గుడిసెను గూర్చి చాలకాలము ఆ యభిప్రాయమే పాఠ్యగ్రంథములలో నిలిచినది. కాని తరువాత స్టూవర్ట్ రాత్‌మెల్ దానిని పునఃపరిశీలించి వేఱొక విధముగా వివరించెను. ఆ యిండ్ల కప్పుభారమును మోసినవి గోడలు కావు. నేలనుండి కప్పువఱకు వంగి లేచు బలమైన కొయ్య దూలముల జతలు. గోడలు కేవలము నడిమి ఖాళీని మూయు తడికలవంటివి. వానిని ఎన్నిమార్లు మార్చినను ఇల్లు అదియే. అనగా గోడ మాఱుటకును ఇల్లు మాఱుటకును సంబంధము లేదు. కుళ్లిపోయిన కొయ్య మట్టిలో కనబడకపోవుటచే, మిగిలిన రాయియే సర్వమని పండితులు భ్రమపడిరి. మిగిలినదానినిబట్టి పోయినదానిని లెక్కించుట యెంత కష్టమో దీనివలన తెలియును.

పై చర్చవలన మాకు తోచిన సిద్ధాంతమిది. విచారణ దేవాలయపు వైశాల్యము జనస్థితికి సూచిక యగును గాని కొలబద్ద కాదు. గోడల పౌర్వాపర్యమును గోడలే చెప్పును. అందు వానిని మించిన సాక్షి లేదు. గోడలు ఎందులకు మాఱినవో మాత్రము అవి చెప్పజాలవు. కారణమును వెదకుటకు పత్రములను, దేవాలయ పోషణ ధర్మములను, అస్థులను కలిపి చూడవలెను. ఈ సాక్ష్యములు పరస్పరము విరుద్ధములుగా తోచినపుడు ఒకదానిని త్రోసిపుచ్చుట సులభము. ఒక్కొక్కటి ఏ ప్రశ్నకు జవాబు చెప్పుచున్నదో విడదీయుట కష్టము. వారమ్ పెర్సీ పరిశోధకులు ఆ కష్టమైన మార్గమునే త్రొక్కిరి. తమ తొలి నిర్ణయములను తామును, తమ శిష్యులును సవరించుకొనుటకు వెనుదీయలేదు. నేడు ఆ గ్రామస్థలమును, కప్పులేని దేవాలయమును ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ సంరక్షించుచున్నది.

తెలుగు పరిశోధకులు ఈ విషయమును పరామర్శింపదగుటకు కారణమును చెప్పి ముగించెదము. మన ప్రాంతములలోను పాడుపడిన గ్రామములు కలవు. ఊరు పోయి గుడి మాత్రము పొలాల నడుమ నిలిచిన చోట్లు చూడని వారుండరు. అట్టి చోట్లను మన రైతులు పాటిదిబ్బలందురు. మెకంజీ సేకరింపించిన కైఫీయతులలో గ్రామములు పాడగుటను గూర్చిన ప్రస్తావనలును కలవు. గుడిపైని శాసనమును మనము ఎత్తి వ్రాసికొనుచున్నాము, కైఫీయతును పరిష్కరించుచున్నాము. ఆ రెంటికిని నడుమనున్న మూడవ సాక్ష్యము మాత్రము బండ్లమీదను, ట్రాక్టర్లమీదను తరలిపోవుచున్నది. పాటిమన్ను పొలమునకు బలమని రైతు తోలుకొనిపోవుటలో ఆతని తప్పు లేదు. అందేమున్నదో ఆతనికి చెప్పినవారు లేరు. గుడి గోడను, కైఫీయతును, పాటిమన్నును ఒకే పరిశోధకుడు ఒకే ప్రశ్నతో చూచిన నాడు మన గ్రామచరిత్రలును రాజుల దానధర్మముల పట్టికలుగా మిగిలిపోక, ఆ గ్రామములలో బ్రదికినవారి చరిత్రలు కాగలవని మా విశ్వాసము.